మా పెళ్లికి మీ ఓటు కావాలి

పెళ్లిచూపుల్లో అవతలి ఇంటివాళ్లు ఒప్పుకుంటే సరిపోతుంది. 2015లో ఐర్లాండ్‌లోని గే, లెస్బియన్ జంటలకి మాత్రం దాదాపు 32 లక్షలమంది ఓటర్ల ముందు పెళ్లిచూపులు జరిగాయి. వెటకారానికి అనడం లేదు, జరిగింది అదే. వీళ్లు పెళ్లి చేసుకోవచ్చా కూడదా అని ప్రభుత్వం దేశాన్నంతా అడిగింది, మే 22న జనం బూత్‌లకి వెళ్లి ఓటేశారు, వేసినవాళ్లలో 62.07 శాతం మంది సరే అన్నారు. ఒక దేశం మొత్తం ప్రజల ఓటుతో ఈ పెళ్లిళ్లకి చట్టంలో చోటివ్వడం అదే మొదటిసారి.

అప్పుడు ప్రపంచమంతా పేపర్లలో వచ్చింది ఒకటే కథ: కేథలిక్ దేశం మారిపోయింది, యువత గెలిచింది, ఇంద్రధనుస్సు జెండాలు, డబ్లిన్ కోట ముందు జనం కేరింతలు. బాగానే ఉంది కానీ నాకు ఆ ఫోటోలకంటే వాటికి ముందరి రెండు నెలల మీద ఎక్కువ ఆసక్తి. అప్పటిదాకా రాజకీయాల మొహం చూడనివాళ్లు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, నాలుగు ముద్దలు తిని, జేబులో కరపత్రాలు పెట్టుకుని, ముక్కూమొహం తెలియనివాళ్ల తలుపులు తట్టి తమ బతుకు సంగతి చెప్పుకున్నారు. ఇది నిజంగా పనిచేసిందా? చేస్తే ఎలా చేసింది? అసలు ఒకరి పెళ్లి గురించి ఊరందరినీ అడగాల్సిన ఖర్మ ఏమిటి? ఈ మూడూ ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉన్నాయి, చివరి దానితో మొదలుపెడతాను.

ఐర్లాండ్ రాజ్యాంగం 1937 నాటిది. అందులో 41వ అధికరణం వివాహ వ్యవస్థని ప్రత్యేక శ్రద్ధతో కాపాడతానని రాజ్యం తరఫున మాట ఇస్తుంది. పెళ్లంటే ఆడా మగా మధ్యే అని అక్షరాలా రాసి లేదు కానీ కోర్టులు అలాగే చదివాయి. క్యాథరిన్ జపోన్, ఆన్ లూయిస్ గిల్లిగన్ అనే జంట 2003లో కెనడాలోని వాంకూవర్‌లో పెళ్లి చేసుకుని వచ్చి, పన్నుల లెక్కలో మమ్మల్ని దంపతులుగా చూడండి అని అడిగారు, కుదరదన్నారు, కోర్టుకెళ్లారు, 2006 డిసెంబరులో హైకోర్టు కూడా కుదరదంది. 2010లో సివిల్ పార్ట్‌నర్‌షిప్ చట్టం చేశారు. అంటే ఆస్తి, పెన్షన్ లాంటి చాలా హక్కులు వచ్చాయి, రాజ్యాంగం పెళ్లికిచ్చే రక్షణ మాత్రం రాలేదు. ఇంట్లో అన్నీ పెట్టి పీట మాత్రం వేయకపోవడం లాంటిది.

పార్లమెంటులో మామూలు చట్టం చేస్తే సరిపోతుందని కొందరు లాయర్లు అన్నారు. ప్రభుత్వం ఆ రిస్క్ తీసుకోకుండా రాజ్యాంగాన్నే మార్చే దారి పట్టింది. మన దగ్గర రాజ్యాంగ సవరణ అంటే పార్లమెంటులో మూడింట రెండొంతుల ఓట్లు, కొన్నిటికి సగం రాష్ట్రాల అసెంబ్లీల ఆమోదం, అంతే కదా. అక్కడ అలా కాదు, ఎంత చిన్న సవరణైనా సరే జనం ముందుకు వెళ్లాల్సిందే. పెద్ద పార్టీలన్నీ ఒప్పుకున్నా సరే. 2013లో మామూలు పౌరులు, నాయకులు కలిసి కూర్చున్న వందమంది రాజ్యాంగ సదస్సులో 79 శాతం మంది ఈ మార్పుకి సరేనన్నారు, అయినా సరే. చివరికి రాజ్యాంగంలో చేర్చాలనుకున్న వాక్యం ఇంగ్లీషులో 17 మాటలు. మన మాటల్లో: ఇద్దరు వ్యక్తులు, వారి లింగభేదంతో నిమిత్తం లేకుండా, చట్టప్రకారం వివాహం చేసుకోవచ్చు. ఆ ఒక్క వాక్యం కోసమే ఈ గోలంతా.

ఇక్కడ ఐర్లాండ్ వెనకటి కథ కాస్త గుర్తు పెట్టుకోవాలి. 1993 దాకా ఇద్దరు మగవాళ్ల మధ్య సంబంధం అక్కడ నేరం. విడాకుల మీద 1986లో ఓటింగ్ పెడితే జనం వద్దన్నారు, 1995లో మళ్లీ పెడితే 16 లక్షల పైచిలుకు ఓట్లలో కేవలం 9,114 తేడాతో బయటపడింది. విడాకులకే అంత కష్టమైన చోట ఇరవై ఏళ్లకి ఈ పెళ్లి అడుగుతున్నారు. సర్వేలు 70 శాతానికి పైగా అనుకూలం అంటున్నా ఉద్యమంలో ఉన్నవాళ్లకి నిద్ర పట్టకపోవడానికి కారణం అదే. సర్వే చేసే అమ్మాయి ఫోన్లో అడిగితే మర్యాదకి అవుననేసి, బూత్‌లో తెర చాటున ఇంకోటి గుర్తుపెట్టేవాళ్లు ఎక్కడైనా ఉంటారు, ఎన్నికలు చూసిన మనకి ఇది కొత్తగా చెప్పాలా.

ఇంకో రెండు రూల్స్ కూడా వీళ్లని గుమ్మాల ముందుకు నెట్టాయి. ఐర్లాండ్‌లో టీవీ, రేడియోల్లో డబ్బిచ్చి రాజకీయ ప్రకటనలు వేయడం నిషేధం. రెండోది, 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం రిఫరెండంలో, అంటే ఒక ప్రశ్న మీద జనాన్నే నేరుగా అడిగే ఇలాంటి ఓటింగ్‌లో, ఏదో ఒక పక్షానికి ప్రచారం చేయడానికి సర్కారు డబ్బు వాడకూడదు. దానికి తోడు టీవీ, రేడియో చర్చల్లో రెండు పక్షాలకీ సమతూకం ఉండాలి, కాబట్టి ఒక జంట స్టూడియోలో కూర్చుని తమ కథ చెప్పుకుంటే ఎదుటి కుర్చీలో ఒకాయన కూర్చుని అది పెళ్లి కాదని చెప్పడానికి సిద్ధంగా ఉంటాడు. ఇక మిగిలిందేమిటి? కరెంటు స్తంభాల మీద పోస్టర్లు, ఫేస్‌బుక్కు, గుమ్మాలు.

మూడు హక్కుల సంఘాలు కలిసి 'యెస్ ఈక్వాలిటీ' అని ఒక వేదిక పెట్టాయి, జిల్లా జిల్లాకీ వాలంటీర్ల బృందాలు పుట్టాయి. కోటు మీద చిన్న బ్యాడ్జీ, దానిమీద 'యెస్' అనో 'తా' అనో ఉండేది. ఐరిష్ భాషలో మన 'అవును'కి సరిపోయే విడి మాట లేదు, రిఫరెండం బ్యాలెట్ మీద 'తా', 'నీల్' అని వేస్తారు, ఇంచుమించు మన 'ఉంది', 'లేదు' అన్నట్టు. పెళ్లి ఉందా, లేదా. నాకైతే ఆ ప్రశ్న అలాగే నచ్చింది.

ఒక్క సాయంత్రం దగ్గరగా చూద్దాం. మే నెలలో డబ్లిన్‌లో రాత్రి తొమ్మిది దాటేదాకా వెలుతురుంటుంది కాబట్టి ఏడింటికి వీధి మొదట్లో ఒక పదిమంది కలుస్తారు, ఇద్దరిద్దరుగా విడిపోతారు, ఒకరు ఎడమ వరస, ఒకరు కుడి వరస. అట్టమీద బిగించిన కాగితంలో ఇంటి నంబర్లు. తలుపు తీసినవాళ్లతో మాట్లాడేది మహా అయితే ఒకటి రెండు నిమిషాలు: పేరు, 22న ఓటింగ్ ఉంది, మేం యెస్ తరఫున వచ్చాం, మీరేమనుకుంటున్నారు. గట్టిగా వద్దు అన్నవాళ్లతో వాదన పెట్టుకోకూడదు, థాంక్యూ చెప్పి పక్కింటికి పోవాలి. గట్టిగా సరే అన్నవాళ్ల దగ్గరా ఆగకూడదు, టీ ఇస్తామన్నా సరే. "ఏమో, ఇంకా అనుకోలేదు" అన్న గుమ్మం దగ్గరే పని. అక్కడ రాజ్యాంగం, అధికరణం, సమానత్వం అని మొదలుపెడితే మొహం మీద మర్యాదగా ఒక నవ్వు అలాగే నిలబడిపోతుంది తప్ప లోపల ఏమీ కదలదు. అదే మనిషి ఒక్క క్షణం ఆగి, "అండీ, ఇది నా గురించే, మేమిద్దరం తొమ్మిదేళ్లుగా కలిసి ఉంటున్నాం, మొన్న తనని ఆస్పత్రిలో చేర్చినప్పుడు నువ్వు తనకి ఏమవుతావని నర్సు అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు" అంటే తలుపు ఇంకో జానెడు తెరుచుకుంటుంది. ఈ మాటలు నేను ఊహించి రాసినవే, కానీ ఆ గుమ్మాల ముందు నడిచిన సంభాషణల తీరు ఇదే.

మన ఇంటింటి ప్రచారంతో పోల్చి చూడండి. డప్పులు, కండువాలు, అభ్యర్థి చేతులు జోడించుకుని వస్తాడు, అక్కలు హారతి పడతారు, "అమ్మా, మీ ఓటు మాకే" అంటాడు, జవాబు వినకుండానే పక్కింటికి వెళ్లిపోతాడు. ఆయన తన గురించి ఏమీ చెప్పడు, మన గురించి ఏమీ అడగడు. ఐర్లాండ్‌లోనూ మామూలు ఎన్నికల్లో గుమ్మం ప్రచారం ఇంతకంటే గొప్పగా ఏమీ ఉండదు. ఈ రిఫరెండంలో తేడా ఒక్కటే, అడిగేవాడి జీవితమే అక్కడ ఎజెండా.

ఇలా సొంత కథ చెప్పాలన్న ఆలోచన ఊరికే పుట్టింది కాదు, ఓడిపోయి నేర్చుకున్నది. నేర్చుకున్నది ఐర్లాండ్‌లో కూడా కాదు, కాలిఫోర్నియాలో.

2008 జూన్‌లో కోర్టు తీర్పుతో కాలిఫోర్నియాలో ఈ పెళ్లిళ్లు మొదలయ్యాయి, కొన్ని నెలల్లోనే దాదాపు 18,000 జంటలు పెళ్లి చేసుకున్నాయి. నవంబరు 4న, ఒబామా గెలిచిన రోజునే, అదే జనం, 'ప్రపోజిషన్ 8' అన్న ప్రతిపాదనకి 52 శాతం పైచిలుకు ఓట్లేసి ఆ పెళ్లిళ్లని ఆపేశారు. వ్యతిరేక పక్షం టీవీలో వేసిన ఒక యాడ్‌లో చిన్నపాప బడి నుంచి వచ్చి, రాజకుమారుడు రాజకుమారుణ్ణి పెళ్లి చేసుకున్నాడని మా క్లాసులో చెప్పారమ్మా, నేనూ రాకుమారిని చేసుకోవచ్చట అంటుంది. అంతే, తల్లిదండ్రుల గుండెల్లో రాయి పడింది. హక్కుల పక్షంవాళ్ల యాడ్స్‌లో ఏముంది? వివక్ష తప్పు, రాజ్యాంగంలో వివక్ష రాయకండి. ఎవరి పెళ్లి కోసం అంత కొట్లాడుతున్నారో ఆ జంటలు ఆ యాడ్స్‌లో కనిపించనే లేదని తర్వాత అందరూ తిట్టారు. కనిపిస్తే జనం బెదురుతారని దాచారు. దాచిన కొద్దీ అవతలివాళ్లు చూపించిన బొమ్మే మిగిలింది.

ఆ తర్వాత అమెరికాలో ఒక పరిశీలన బయటపడింది, నాకు ఇందులో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది అదే. మామూలు జంటలు ఎందుకు పెళ్లి చేసుకుంటాయి అని అడిగితే జనం ప్రేమ, జీవితాంతం తోడు అన్నారు. గే జంటలు పెళ్లెందుకు అడుగుతున్నాయి అంటే అదే జనం హక్కుల కోసం, ప్రయోజనాల కోసం అన్నారు. తప్పు జనానిది కాదు, ఏళ్ల తరబడి ఉద్యమంవాళ్లే హక్కులు, ఇన్సూరెన్సు, పన్నులు అని చెబుతూ వచ్చారు మరి. అవతలి మనిషికి వినపడిందేమిటంటే, వీళ్లకి కావాల్సింది పెళ్లి కాదు, రేషన్ కార్డు. 2009లో ఇలాంటి ఓటింగ్‌లోనే ఓడిపోయిన 'మెయిన్' (Maine) అనే అమెరికా రాష్ట్రం 2012లో మళ్లీ ఓటింగ్‌కి వెళ్లినప్పుడు ఉద్యమంవాళ్లు మాట మార్చారు, మనుషుల్ని ముందు పెట్టారు, ఇంటింటికీ తిరిగారు, గెలిచారు.

లాస్ ఏంజెలెస్‌లోని ఎల్‌జీబీటీ సెంటర్‌లో డేవ్ ఫ్లైషర్ అనే ఆయన ఇంకో అడుగు ముందుకేశాడు. ఎక్కడ ఎక్కువగా ఓడిపోయామో ఆ వీధులకే వెళ్లి, మాకు వ్యతిరేకంగా ఎందుకు ఓటేశారండీ అని అడుగుదాం అన్నాడు. నిష్టూరంగా కాదు, తెలుసుకోడానికి. అలా వేల సంభాషణలు చేసి, చాలావాటిని వీడియో తీసుకుని, ఎక్కడ మాట తెగింది, ఎక్కడ కుదిరింది అని కూర్చుని చూసుకున్నారు. సున్నా నుంచి పది దాకా మీ మద్దతు ఎంత అని అడుగుతారు. ఆరు అంటే ఎందుకు ఆరు అంటారు. మీకు తెలిసినవాళ్లలో ఎవరైనా గే ఉన్నారా అంటారు. మీ పెళ్లి గురించి చెప్పండి అంటారు. తమ గురించి చెబుతారు. పది, పదిహేను నిమిషాలు. మాట్లాడేది ఎక్కువగా తలుపు తీసినవాళ్లే.

ఇది పనిచేస్తుందా? ఇక్కడ కథ అడ్డం తిరుగుతుంది. 2014 డిసెంబరులో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది, మైఖేల్ లకూర్ అనే విద్యార్థి, డొనాల్డ్ గ్రీన్ అనే ప్రొఫెసర్ కలిసి రాసినది. గే అయిన మనిషి గుమ్మం ముందు ఒక్కసారి మాట్లాడితే ఆ మార్పు నెలల తరబడి నిలుస్తుంది, గే కాని మనిషి మాట్లాడితే కొద్దిరోజుల్లో కరిగిపోతుంది అని సారాంశం. అందరూ చప్పట్లు కొట్టారు. 2015 మేలో, సరిగ్గా ఐర్లాండ్ ఓటేసిన వారంలోనే, దాని గుట్టు బయటపడింది: ఆ డేటా నమ్మదగింది కాదు, చేశానన్న సర్వేలు అసలు చేసిన దాఖలాలే లేవు. గ్రీన్ తనే ఆ పేపర్ వెనక్కి తీసుకోమని రాశాడు, మే 28న పత్రిక ఉపసంహరించుకుంది.

తమాషా ఏమిటంటే, ఆ మోసాన్ని పట్టుకున్నవాళ్లలో ఉన్న డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా తామే అలాంటి ప్రయోగం నిజంగా చేశారు. మయామీలో, ట్రాన్స్‌జెండర్ మనుషుల మీద ఉండే వ్యతిరేకత గురించి, 501 మంది ఓటర్లతో. 2016లో ఫలితం వచ్చింది: సుమారు పది నిమిషాల సంభాషణతో కొంత మార్పు వచ్చింది, కనీసం మూడు నెలలు నిలిచింది. దొంగ పేపర్ చెప్పినదాంట్లో ఒకటి మాత్రం తప్పని తేలింది. మాట్లాడినవాళ్లు ట్రాన్స్ అయినా కాకపోయినా ఫలితం వచ్చింది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలా పెద్దది. ఎందుకంటే మొదటి లెక్క నిజమైతే ఎవరికి దెబ్బ తగులుతుందో వాళ్లే ప్రతి గుమ్మం ముందూ నిలబడాలి. రెండో లెక్క ప్రకారం వాళ్ల చెల్లెలు నిలబడినా, స్నేహితుడు నిలబడినా, వాళ్లమ్మ నిలబడినా చాలు.

ఇప్పుడు ఐర్లాండ్‌కి వద్దాం. గుమ్మాలు తట్టడం వల్లే 62 శాతం వచ్చిందని ఎవరైనా అంటే నేను నమ్మను. సర్వేల్లో 70 పైన ఉన్నది 62కి వచ్చింది, అంటే లెక్కప్రకారం తగ్గింది. అక్కడి ప్రచారం ఎక్కువగా ఒకటి రెండు నిమిషాల మాటలే, లాస్ ఏంజెలెస్ తరహా పావుగంట సంభాషణలు కావు. అయినా అది చేసిన పని తక్కువది కాదు అంటాను. ఒకటి, చివరి వారాల్లో ఓటు జారిపోవడాన్ని ఆపింది. కాలిఫోర్నియాలో చేయలేకపోయింది సరిగ్గా అదే. రెండు, జనాన్ని బూత్‌కి తెచ్చింది. 2012లో పిల్లల హక్కుల మీద రిఫరెండం పెడితే 33.5 శాతం మంది వచ్చారు, దీనికి 60.5 శాతం వచ్చారు. కొత్తగా ఓటు నమోదు చేయించుకున్నవాళ్లే 60 వేలకి పైగా.

స్తంభాల మీది పోస్టర్లదీ అదే కథ. 'పిల్లలకి తల్లీ తండ్రీ ఇద్దరూ కావాలి' అని వద్దనే పక్షంవాళ్ల పోస్టర్ ఒకటి, ముద్దొచ్చే పసిపాపకి అటూ ఇటూ అమ్మానాన్నా. కాలిఫోర్నియా పాపకి ఐరిష్ చెల్లెలు అనుకోండి. ఈ రిఫరెండంతో దత్తత చట్టానికీ, సరోగసీకీ సంబంధం లేదని స్వతంత్ర రిఫరెండం కమిషన్‌ నడిపిన జడ్జి చెప్పాల్సి వచ్చింది. ఆ పోస్టర్‌లోని కుటుంబం మాత్రం, మా ఫోటో ఎక్కడో స్టాక్ ఫోటోల్లోంచి తీసుకున్నారు, మేం యెస్ పక్షమే అని ప్రకటన ఇచ్చింది! మాజీ అధ్యక్షురాలు మేరీ మెకలీస్, గే కొడుకున్న తల్లి, ఇంకా సూటిగా అన్నారు: ఈ ఓటు ఎవరైనా పిల్లల గురించి అయితే అది ఐర్లాండ్‌లోని గే పిల్లల గురించే అని.

పేరున్నవాళ్లూ అలాగే సొంత కథలతో వచ్చారు. ఆరోగ్యమంత్రి లియో వరాద్కర్, ఆయన తండ్రి ముంబై నుంచి వెళ్లిన డాక్టర్, జనవరిలో తన పుట్టినరోజు నాడు రేడియోలో నేను గే అని చెప్పాడు, రెండేళ్లకి ప్రధాని అయ్యాడు. పోలింగ్‌కి వారం ముందు టీవీ రాజకీయ ఎడిటర్ అర్సులా హాలిగన్ పదిహేడేళ్ల వయసులో డైరీలో రాసుకున్న సంగతి నుంచి మొదలుపెట్టి అంతా పేపర్లో రాసేసింది. ట్రినిటీ కాలేజీ విద్యార్థులు 'అమ్మమ్మకి ఫోన్ చెయ్యి' అని ఒకటి మొదలుపెట్టారు, మనవలు ఫోన్ చేసి అమ్మమ్మా, నాకోసం ఓటేస్తావా అని అడగడం. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇక్కడ అమ్మమ్మని కూడా అడగాల్సిందే. నాకు తెలిసినంతలో ఇంతకంటే తెలివైన రాజకీయ ప్రచారం లేదు. చర్చి మాట వినే తరం మీద చర్చికంటే ఎక్కువ పట్టు ఉన్నది ఒక్క మనవలకే.

ఇక విదేశాల్లో ఉన్నవాళ్లు. ఐర్లాండ్‌లో వలస వెళ్లిన మామూలు జనానికి పోస్టల్ ఓటు లేదు, దేశం వదిలి 18 నెలలు దాటితే ఓటే లేదు, లోపు ఉన్నవాళ్లు స్వయంగా రావాలి. వచ్చారు. లండన్ నుంచి రైలు, పడవ పట్టుకుని, దూరదేశాల నుంచి విమానాల్లో, ఒక్క టిక్కు పెట్టి మళ్లీ వెనక్కి వెళ్లడానికి. 2024 మేలో పోలింగ్‌కి ముందు హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర కార్ల వరస చూసినవాళ్లకి ఆ హడావుడి అర్థమవుతుంది. మనవాళ్లు వెళ్లింది ప్రభుత్వాన్ని ఎన్నుకోడానికి, వాళ్లు వచ్చింది చాలామంది తమ స్నేహితుడి పెళ్లికి. అన్నట్టు రిఫరెండంలో ఓటు ఐరిష్ పౌరులకి మాత్రమే, కాబట్టి డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మన తెలుగువాళ్లలో అక్కడి పాస్‌పోర్టు లేనివాళ్లు ఇదంతా కిటికీలోంచి చూడటమే.

43 నియోజకవర్గాల్లో 42 సరే అన్నాయి, రాస్‌కామన్-సౌత్ లీట్రిమ్ ఒక్కటే కాదంది. డోనిగల్ సౌత్‌వెస్ట్‌లో తేడా కేవలం 33 ఓట్లు. 33 అంటే ఒక వీధి. ఫలితం రోజు కౌంటింగ్ సెంటర్‌లో, అప్పటికి సెనేటర్ అయిన జపోన్, టీవీ కెమెరా ముందే గిల్లిగన్‌ని నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడిగింది. పన్నెండేళ్ల కిందటే పెళ్లయిన జంట. 2017లో గిల్లిగన్ చనిపోయింది.

సంతోషం సరే, దీనికి ఒక ఖరీదు ఉంది, దాని గురించి గెలిచినవాళ్లు తక్కువ మాట్లాడతారు. నలభై గుమ్మాల ముందు నిలబడి నీ జీవితంలో అన్నిటికంటే సున్నితమైన విషయాన్ని నలభైసార్లు అప్పజెప్పడం అంటే ఏమిటో ఆలోచించండి. ఐదో ఇంటికే ఆ కథ పాఠం అయిపోతుంది, నీ గొంతు నీకే నటనలా వినిపిస్తుంది. తిట్టినవాళ్లని తట్టుకోవచ్చు, "నాకేం అభ్యంతరం లేదమ్మా, కానీ ఇంకా ఆలోచించుకోవాలి" అని నవ్వుతూ అనేవాళ్లు రాత్రి నిద్రపోనివ్వరు. పిల్లలున్న గే జంటలు రోజూ ఆ పోస్టర్ల కిందనుంచే పిల్లల్ని బడికి తీసుకెళ్లారు. పిల్ల దానిమీద ఏం రాసుందని అడిగితే చదివి చెప్పాలి కదా. పైగా జనానికి నచ్చే కథలే ముందుకి వస్తాయి: తొమ్మిదేళ్లు కలిసున్న జంట, ఉద్యోగాలు, కుక్కపిల్ల, చర్చికి వెళ్లే అమ్మ. అంత చక్కగా లేని బతుకులవాళ్లని ఎవరూ గుమ్మం ముందుకి పంపరు. హక్కు అందరిదీ, పెళ్లిచూపులకి ముస్తాబు మాత్రం కొందరికే.

ఆస్ట్రేలియాలో అయితే రాజ్యాంగ అవసరం కూడా లేకుండా ఇదంతా చేయించారు, పార్లమెంటు తనే చేయగలిగిన చట్టానికి 2017లో పోస్టులో సర్వే పెట్టి. 61.6 శాతం సరే అన్నారు. మనకి సంబంధించిన సంగతి ఏమిటంటే, సిడ్నీ పశ్చిమాన వలస కుటుంబాలు ఎక్కువుండే పరమట్టా నియోజకవర్గంలో, మన తెలుగువాళ్లు కూడా బాగానే ఉండే చోటే, సరిగ్గా అదే 61.6 శాతం కాదన్నారు. అక్కడ చైనా, లెబనాన్, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన రకరకాల జనం ఉన్నారు, ఎవరు ఎలా వేశారో ఓట్లమీద రాసి ఉండదు, కాబట్టి మనవాళ్లని వేలెత్తి చూపించను. కానీ ఒక మాట అడగబుద్ధవుతుంది, వాళ్ల గుమ్మం ముందుకి వాళ్ల భాషలో మాట్లాడుతూ ఎవరైనా వచ్చారా? తెలుగులో ఎవరైనా వచ్చుంటే ఏ మాట వాడేవాళ్లు? మన పేపర్లు ఇప్పటికీ రాసే 'స్వలింగ సంపర్కం' అన్న మాటలో మనిషి లేడు, పడకగది మాత్రమే ఉంది. ఆ మాటతో పెద్దవాళ్ల గుమ్మం ముందు సంభాషణ మొదలుపెట్టి చూడండి, చెప్పులు కూడా వేసుకోకుండా తిరిగి రావాలి.

గుమ్మాలు వదిలేస్తే ఏమవుతుందో కూడా ఐర్లాండే చూపించింది. 2024 మార్చి 8న కుటుంబం అన్న మాటకి అర్థం పెంచుదాం అని మళ్లీ రిఫరెండం పెట్టారు, పెద్ద పార్టీలన్నీ మళ్లీ సరే అన్నాయి, వరాద్కరే ప్రధాని. ఈసారి కాలికి బలపం కట్టుకుని తిరిగినవాళ్లు లేరు, ఇది నా బతుకు అని చెప్పే మనిషి లేడు, ఆ వాక్యం ఎవరికి మేలు చేస్తుందో ఎవరికీ సరిగ్గా బోధపడలేదు. 67 శాతానికి పైగా వద్దన్నారు. వేరే కారణాలూ ఉన్నాయి, కానీ నా లెక్కలో పెద్దది ఇదే.

మన దగ్గర ఇలాంటి ఓటింగ్ ఉండదు, మన రాజ్యాంగంలో రిఫరెండమే లేదు. ఈ పెళ్లి హక్కు కోసం మన సుప్రీంకోర్టుకి వెళ్లిన కేసులో మొదటి పేరు హైదరాబాద్‌లో ఉండే సుప్రియో చక్రవర్తిది, 2021 డిసెంబరులో ఆయనా అభయ్ డాంగూ హైదరాబాద్ శివార్లలో బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకున్నారు. ఇది పట్టణాల్లోని ఉన్నతవర్గాల ఆలోచన అని కేంద్రం కోర్టులో వాదించింది. నాలుగొందలమందికి పైగా తల్లిదండ్రులు, మా పిల్లలకి పెళ్లి చేసుకునే హక్కివ్వండి అని ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. మన దేశంలో ఇంటింటి ప్రచారానికి దగ్గరగా వచ్చింది ఆ ఉత్తరమే అనుకుంటాను. 2023 అక్టోబరు 17న ఐదుగురు జడ్జీలూ పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు, ఇది పార్లమెంటు తేల్చాల్సిన విషయం అన్నారు.

ఆ రోజు నేను తెనాలిలో పెద్దమ్మ వాళ్లింట్లో ఉన్నాను. టీవీలో తీర్పు వస్తోంది, ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఫ్లైషర్ గురించి చదివి ఉన్నాను కదా, ఉబలాటం ఆగక, "పెద్దమ్మా, నీకు తెలిసినవాళ్లలో ఇలాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాను. "ఛీ, మనలో ఎవరున్నారే" అంది. రెండు కాయలయ్యాక, "మా చిన్నప్పుడు మా వీధిలో ఒక మాస్టారు ఉండేవాడు, పెళ్లి చేసుకోలేదు, ఇంకో మాస్టారూ ఆయనా ఒకే ఇంట్లో, ముప్పై ఏళ్లు. ఆయన పోతే ఈయన కొరివి పెడతానంటే అన్నదమ్ములు పెట్టనివ్వలా. అరుగుమీద కూర్చుని ఏడ్చాడు పాపం" అంది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ ఏమీ అనలేదు.

గిన్నె తీసుకుని లేస్తూ అడిగింది, "ఇంతకీ ఓట్లెప్పుడు?"

"ఓట్లేం లేవు పెద్దమ్మా, మన దగ్గర దీనికి ఓట్లుండవు."

"మరి నన్నెందుకు అడిగావే?"